గంట నొక్కని మధ్యాహ్నం

కూ మాల్‌సున్ తన మీద తానే ఫిర్యాదు చేసుకుంది. బూసాన్ కొండవాడలో పదిహేడో నంబరు చిన్న బస్సును పందొమ్మిదేళ్లుగా నడుపుతూ దాని ఒంటిమీద ఒక్క గీత పడనివ్వని మనిషి, ఆ మంగళవారం డ్యూటీ దిగీ దిగగానే మేనేజర్ గదిలోకి వెళ్లి బల్లమీద తాళం పెట్టేసింది. చేపల మార్కెట్ కూడలిలో ఎర్రదీపం పడితే ఆగానని, పచ్చదీపం ఎప్పుడు పడిందో తనకు తెలియదని, వెనక లారీవాడు హారన్ కొడితే ఉలిక్కిపడి లేచానని చెప్పింది. మహా అయితే మూడు సెకన్లు. బస్సులో ఉన్న పదకొండు మందిలో ఒక్కరూ గమనించలేదు. నోరు విప్పకపోతే ఆ సంగతి ఆమెతోనే పోయేది. కానీ కొండ మీద అందరికీ తెలిసిన విషయమే, మాల్‌సున్‌కి కడుపులో మాట దాచుకునే గుణం దేవుడు ఇవ్వలేదు.

నామ్ మేనేజర్ తల పట్టుకున్నాడు. "నాకెందుకు చెప్పావక్కా? ఇప్పుడు నేను రాయాలిగా" అన్నాడు. రాశాడు కూడా. రాశాక రూలు రూలే. పది రోజులు స్టీరింగ్ ముట్టుకోకూడదు. పదకొండో రోజు పొద్దున పదింటికి కంపెనీ డాక్టరు పరీక్ష. తెర మీద దీపాలు వెలుగుతుంటే కాలితో, చేత్తో వెంటవెంటనే నొక్కాలి. నెగ్గితే బస్సు, లేకపోతే రిటైరయ్యే దాకా ఉన్న మూడేళ్లూ షెడ్డులో బస్సులు కడగడం. నిద్రమాత్రలు వేసుకుని గట్టెక్కుదామంటే అదీ కుదరదు. మాత్ర వాడుతున్న డ్రైవరుకి బస్సు ఇవ్వరు. అంటే మాల్‌సున్ తనంతట తాను నిద్రపోవాలి. పది నెలలుగా ఆమెకి చేతకానిది ఆ ఒక్క పనే.

తప్పు ఆమెది మాత్రం కాదు. ఆ కంపెనీలో డ్రైవర్లకు వారం వారం షిఫ్టు తిరగబడుతుంది. ఒక వారం తెల్లారకముందే నాలుగున్నరకు బండి తీయాలి, తరవాతి వారం అర్ధరాత్రికి బండి పెట్టాలి. పద్దెనిమిదేళ్లు ఆమె ఒళ్లు నోరెత్తకుండా చెప్పినట్టు విన్నది. పోయిన శరదృతువులో ఒకనాడు, నేనిక వినను పో అని మొరాయించింది. అప్పటినుంచీ అలసట ఎముకల్లోకి దిగిపోయింది. అన్నం గిన్నె ముందు కూర్చుంటే చాప్‌స్టిక్స్ ఎత్తడానికి ఓపిక ఉండదు. కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. తీరా పక్కమీద వాలితే, బుర్రలో ఎవరో లైటు వేసి వెళ్లిపోయినట్టు మెలకువ.

మందులు చెప్పనివాడు పాపాత్ముడు. ఆడబిడ్డ ఎండు రేగుపళ్ల కషాయం కాచి పంపింది. చర్చి పెద్దమ్మ లెట్యూస్ ఆకులు దొంతరలు దొంతరలుగా తినమంది, తింటే పొట్ట ఉబ్బింది తప్ప కన్ను మూతపడలేదు. తలగడ పక్కన కోసిన ఉల్లిపాయ పెట్టుకోమని ఎవరో అంటే అదీ పెట్టుకుంది, ఆ వాసనకి మొగుడి నిద్ర కూడా పోయింది. దేగూలో ఉండే కూతురు జిన్హీ, సముద్రపు హోరు వినిపించే యాప్ ఒకటి ఫోనులో వేసిచ్చింది. ఓడరేవులో పుట్టి పెరిగిన మనిషికి సముద్రపు హోరు కొత్తా? అది వింటున్నంతసేపూ వంటింట్లో కుళాయి కట్టేశానా లేదా అనే ఆలోచనే.

ఇంకో చిక్కు ఉంది. కళ్లు మూసుకుంటే చాలు, ఆమె బస్సు నడిపేది. ఇరవై రెండు స్టాపులు, తొమ్మిది మలుపులు. మలుపు రాగానే దుప్పటి కింద కుడికాలు టక్కున బ్రేకు తొక్కేది. ఆమె మొగుడు పిల్‌గ్యు ముప్పై ఏళ్లు ఓడల కంపెనీలో వెల్డింగ్ చేసి వచ్చినవాడు, నిప్పురవ్వలకు జడవనివాడు, పెళ్లాం బ్రేకుకి జడిసి దుప్పటి చంకన పెట్టుకుని హాల్లోకి మకాం మార్చాడు. "జిన్హీ వాళ్లమ్మా, నా పిక్కలు చూడు, నీ బస్సు రూటు మ్యాపులా ఉన్నాయి" అని ప్యాంటు ఎత్తి చూపించాడు. ఆమెకి నవ్వు రాలేదు. నవ్వడానికి కూడా ఓపిక కావాలి.

డ్యూటీ లేని పది రోజుల్లో తేరుకుంటుందని అందరూ అనుకున్నారు. అది ఇంకా ముదిరింది. ఎందుకంటే ఇప్పుడు ఆమె సీట్లో బాంగ్ హ్యోన్‌దో కూర్చున్నాడు.

హ్యోన్‌దోకి ముప్పై మూడేళ్లు. అంతకుముందు ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే వ్యాను నడిపేవాడు, పోయిన వసంతంలో బస్సుకి మారాడు. కొత్తవాళ్లకి కొండ దారి నేర్పే పని మాల్‌సున్‌ది. ఆమె పద్ధతి ఒకటే. కాఫీ మెషీన్ దగ్గర చిన్న కాగితపు కప్పు అంచుదాకా నింపించి డ్యాష్‌బోర్డు మీద పెడుతుంది. ఇరవై రెండు స్టాపులు తిరిగొచ్చాక అందులో చుక్క ఒలకకూడదు. హ్యోన్‌దో మూడు రోజులు నడిపాడు, మూడు రోజులూ బడి మలుపులో కాఫీ అతని ప్యాంటు మీదే పడింది. వాడు మలుపులోకి వెళ్లాక బ్రేకు తొక్కేవాడు, మలుపుకి ముందు కాదు. "ఈ బస్సులో పార్సిళ్లు ఎక్కవు నాయనా, ముసలాళ్లు ఎక్కుతారు" అని చెప్పి, ఇతను ఇంకా పనికిరాడని కాగితం మీద రాసేసింది. నెల తరవాత ఇంకెవరో పాస్ చేశారు. అప్పటినుంచీ ఎదురెదురు బస్సులు దాటేటప్పుడు డ్రైవర్లు చెయ్యెత్తి పలకరించుకునే ఆనవాయితీ ప్రకారం అతను చెయ్యెత్తేవాడు, ఆమె కూడా ఎత్తేది. ఆ చేతులు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

ఇప్పుడు ఆమె పక్కమీద పడుకుని హ్యోన్‌దో బస్సు నడపడం మొదలుపెట్టింది. ఇదిగో లాండ్రీ మలుపు, వీడు ఆలస్యంగా తొక్కుతాడు. ఇదిగో బడి మలుపు, ఓక్‌బున్ అవ్వ నిలబడే ఉంటుంది, కడ్డీ పట్టుకోదు. అతని బదులు ప్రతి మలుపులో తానే తొక్కింది. పొద్దున లేచేసరికి కుడి పిక్క రాయిలా బిగుసుకుపోయేది. పగలు ఆ బస్సు కంటపడకూడదని మార్కెట్‌కి నడిచి దిగి, నాలుగువందల పన్నెండు మెట్లు ఎక్కి ఇంటికి వచ్చేది. మెట్లెక్కితే అలిసి పడుకుంటావులే అన్నాడు పిల్‌గ్యు. అలసటకి ఆమె దగ్గర ఎప్పుడు లోటుండేది గనక?

పదో రోజు వచ్చేసింది. తెల్లారితే పరీక్ష. మధ్యాహ్నం పన్నెండున్నరకు రెండు చేతుల్లో ముల్లంగులు, ఉప్పుచేప పట్టుకుని మార్కెట్ బయటికొచ్చిన మాల్‌సున్, మొదటి మెట్టు దగ్గర ఆగిపోయింది. తలెత్తి నాలుగువందల పన్నెండు మెట్లూ చూసింది. ఆమెకి ఏడుపొచ్చింది. ముల్లంగులు కింద పెట్టి, మెట్ల పక్క గోడకి ఆనుకుని, యాభై ఏడేళ్ల మనిషి నడివీధిలో కళ్లు తుడుచుకుంది. రేపు ఏమవుతుందో ఆమెకి తెలిసిపోయింది. ఆ దీపాలు వెలుగుతుంటే తను చూస్తూ కూర్చుంటుంది. ఇక షెడ్డు, పైపు, చీపురు.

మార్కెట్‌లో ఎండు నెత్తళ్లు అమ్మే ఓక్‌బున్ అవ్వ, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి బయల్దేరి అక్కడికే వచ్చింది. అవ్వకి ఎనభై ఒకటి. కొండ మీద ఆమె తిట్టని మనిషి లేడు.

"ఏమే, మెట్లెక్కి చస్తావా, బస్సెక్కి బతుకుతావా?" అంది.

మాల్‌సున్ ఆ బస్సు ఎక్కనంది.

"ఎందుకెక్కవు? నీ మొగుడు కొన్న బస్సా అది? పందొమ్మిదేళ్లు నువ్వు తోలితే మేం నోరుమూసుకుని కూర్చోలేదా? ఇవాళ ఇంకొకడు తోలతాడు, నువ్వు కూర్చో." అవ్వ ముల్లంగులు లాక్కుని నడిచింది. ముల్లంగుల వెనక మాల్‌సున్ నడవక తప్పలేదు.

హ్యోన్‌దో ఆమెని చూసి సీట్లోంచి సగం లేచి తల వంచాడు. అతని మెడ ఎర్రబడింది. మాల్‌సున్ కార్డు తాకించి, అతని వంక చూడకుండా, వెనక ఇంజను మీది సీటు దాకా వెళ్లి కిటికీ పక్కన కూర్చుంది. అక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. వాడు చేసే తప్పులన్నీ లెక్కపెట్టి, సాయంత్రం మేనేజర్‌కి ఫోను చేసి చెప్పాలని మనసులో అనుకుంది. ఆ మాట ఆమె తరవాత తానే ఒప్పుకుంది.

బస్సు కదిలింది. లాండ్రీ మలుపు దగ్గర ఆమె కుడికాలు అలవాటుగా నేలని తన్నింది. కానీ తన్నేటప్పటికే బస్సు నెమ్మదించి ఉంది. ఈసారి ఆలస్యమైంది తనే. ఆమెకి అనుమానమొచ్చి ముందుకు వంగి చూసింది. డ్యాష్‌బోర్డు మీద ఓ కాగితపు కప్పు ఉంది. అంచుదాకా కాఫీ.

ఆ కప్పు ఎప్పటినుంచి పెడుతున్నాడని అవ్వని అడిగింది. అవ్వ విసుక్కుంది. వాడు ఈ కొండెక్కిన రోజునుంచీ పెడుతున్నాడట, తాగడట, ఆఖరి ట్రిప్పయ్యాక చల్లారిపోయినదాన్ని పారబోస్తాడట. ఈ కుర్రాడికి ఒక చుక్క తిక్క ఉందని కొండంతా అనుకుంటున్నారట.

బడి మలుపు వచ్చింది. బస్సు మలుపుకి ముందే ఊపిరి బిగబట్టినట్టు నెమ్మదించి, మెత్తగా తిరిగి, పైకి సాగింది. నిలబడ్డవాళ్లు ఒక్కరూ తూలలేదు. కాఫీ ఒలకలేదు. మాల్‌సున్‌కి ముందు సిగ్గేసింది, ఆ వెనకే పట్టలేనంత గర్వం. తను పనికిరాడని రాసిన మనిషి, ఎవరూ చూడకపోయినా, ఎవరూ అడగకపోయినా, రోజూ తను పెట్టిన పరీక్ష రాస్తూనే ఉన్నాడు. ఈ కొండని తాను ఒక్కతే మోయడం లేదు. తను దిగిపోయినా బస్సు ఎక్కుతుంది, దిగుతుంది, అవ్వ క్షేమంగా ఇల్లు చేరుతుంది. ఆ సంగతి ఆమె బుర్రకి ఎక్కిందో లేదో తెలియదు గానీ కాలికి ఎక్కింది. బడి తరవాతి మలుపులో అది కదల్లేదు. కింద ఇంజను వెచ్చగా గురగురలాడుతోంది. ఆ తరవాతి స్టాపు పేరు ఆమె వినలేదు.

ఇక్కణ్ణుంచి జరిగింది మాల్‌సున్‌కి తరవాత పన్నెండు నోళ్లు చెప్పాయి. ప్రతి నోరూ, తానే లేకపోతే ఆ నిద్ర నిలబడేది కాదన్నట్టు చెప్పింది. అన్నిట్లోనూ కలిసినవి మాత్రం ఇవి.

మొదట చూసింది ఓక్‌బున్ అవ్వే. మాల్‌సున్ తల కిటికీ అద్దానికి ఆనింది, నోరు తెరుచుకుంది, సన్నగా గురక. అప్పుడే బడి పిల్ల ఒకతి దిగడానికి గంట నొక్కబోయింది. ఆ గంట మోగితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, పళ్లు జివ్వుమంటాయి. అవ్వ పిల్ల మణికట్టు పట్టుకుని, నడిచి వెళ్లి డ్రైవరు చెవిలో చెప్పమని సైగ చేసింది. పిల్ల వెళ్లి చెప్పింది. హ్యోన్‌దో అద్దంలో వెనక్కి చూశాడు. చూసి, స్టాపుల పేర్లు చెప్పే టేపు కట్టేశాడు.

ఆ రోజు మధ్యాహ్నం పదిహేడో నంబరు బస్సులో గంట మోగలేదు. దిగేవాళ్లు ముందుకు వెళ్లి, గుడిలో దీపం ముందు మొక్కు చెప్పుకున్నంత మెల్లగా తమ స్టాపు చెప్పేవారు. ఎక్కేవాళ్లకి అవ్వ పెదవుల మీద వేలు పెట్టి వెనక్కి చూపించేది. చూసినవాళ్లు ఫోన్లు కట్టేశారు. తాగొచ్చిన ఒక పెద్దమనిషి పాట అందుకోబోతే, మాల్‌సున్ పక్కింటావిడ అతని నోట్లో కమలాపండు కుక్కింది. అవ్వ తన స్టాపులో దిగలేదు. అన్నం సంగతి, నెత్తళ్ల బేరం సంగతి మరిచిపోయి కాపలా కూర్చుంది.

పైన నీళ్ల ట్యాంకు దగ్గర ఆఖరి స్టాపు. అక్కడ అందరినీ దింపేసి, ఇంజను కట్టేసి, ఎనిమిది నిమిషాలు ఆగాలి. ఇంజను ఆగితే ఆమె లేస్తుందని హ్యోన్‌దో కట్టలేదు. స్టీరింగ్ వదిలి దిగలేదు కూడా. ఎనిమిది నిమిషాలూ అలాగే కూర్చుని మళ్లీ కిందికి తిప్పాడు. రెండో రౌండు, మూడో రౌండు. మూడున్నరకి బస్సు గ్యాసు పట్టించుకోవడానికి రావాలి, రాలేదు. నామ్ మేనేజర్ ఫోను చేసి అరిచాడు.

"రాలేను సార్. అక్క పడుకుంది" అన్నాడు హ్యోన్‌దో.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. తరవాత మేనేజర్ తన కారులో కొండెక్కి వచ్చాడు. కిటికీ బయట నిలబడి, అద్దానికి అంటుకుని చప్పిడైపోయిన మాల్‌సున్ బుగ్గని చూశాడు. గ్యాసు ముల్లు చూశాడు, ఇంకో రౌండుకి సరిపోతుంది. గ్యాసు వంతు ఇంకో బస్సుకి మార్చి, తనే వెళ్లి ఆ బస్సు డ్రైవర్ని బతిమాలాడు. అతను ఒకరిని బతిమాలడం ఆ కంపెనీలో ఎవరూ ఎరగరు.

ఎదురొచ్చే బస్సుల డ్రైవర్లకి కూడా అప్పటికే తెలిసిపోయింది. ఇరుకు సందుల్లో వాళ్లే ముందుగా బస్సు వెనక్కి తీసి దారిచ్చారు. హ్యోన్‌దోకి ఒక్కచోట కూడా గట్టిగా ఆగాల్సిన అవసరం రాలేదు.

నాలుగో రౌండులో, ఎండ బస్సుకి అటు పక్క కిటికీల్లోకి మారాక, మాల్‌సున్ కళ్లు తెరిచింది. ఎవరూ లేపలేదు. నిద్ర నిండి తనంతట తానే లేచింది. ఎండ ఇటు రావాలి కదా, అటు ఎందుకుందని మొదట ఆమెకి అర్థం కాలేదు. తరవాత చూసింది, బస్సు నిండా మనుషులు, అందరి ముఖాలూ తన వైపే. గెడ్డం మీద చొంగ తుడుచుకుంది.

"ఏ స్టాపు?" అంది.

"నాలుగోసారి అదే స్టాపు" అంది అవ్వ. "మూడు గంటల పైన పడుకున్నావు. నా నెత్తళ్లన్నీ పిల్లి తినేసి ఉంటుంది, లేచి నాకు అన్నం పెట్టు."

బస్సంతా ఒక్కసారి నవ్వింది. మధ్యాహ్నం నుంచీ ఆపుకున్న దగ్గులు, తుమ్ములు, కబుర్లు అన్నీ కట్ట తెగినట్టు వచ్చిపడ్డాయి. ఎవరో చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. మాల్‌సున్‌కి ఒళ్లంతా వింతగా ఉంది, పది నెలలుగా మోస్తున్న బియ్యపు బస్తా ఎవరో భుజం మీంచి దించినట్టు. చేతులు చాచి ఒళ్లు విరుచుకుంది, సిగ్గుపడకుండా, కటకటలాడేలా. లేచి ముందుకు వెళ్లింది. నీళ్ల ట్యాంకు దగ్గర బస్సు ఆగాక, హ్యోన్‌దో పక్కన నిలబడింది.

"అన్ని మలుపులూ నువ్వే తిప్పావా?"

"నేనే అక్కా."

"పాతిక పైచిలుకు మలుపులు. ఒక్కదాంట్లో కూడా నా కాలు లేవలేదు" అంది. "నువ్వు పనికిరావని రాశాను. తప్పు రాశాను."

హ్యోన్‌దో స్టీరింగ్ మీద నుదురు పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టింది. నాలుగు గంటలు సీట్లోంచి లేవలేదు కదా, ముందు మరుగుదొడ్డికి వెళ్లిరా నాయనా అంది. అతను కళ్లు తుడుచుకుంటూ పరిగెత్తాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అవ్వకి ఉప్పుచేప కాల్చి, ముల్లంగి పులుసుతో అన్నం పెట్టింది. తానూ రెండు గిన్నెలు తింది. మధ్యాహ్నం అంత పడుకుంది కాబట్టి రాత్రికి ఇక నిద్ర రాదని పిల్‌గ్యు తేల్చేసి, ముందుజాగ్రత్తగా హాల్లోనే పక్క వేసుకున్నాడు. పొద్దున అతను లేచేసరికి ఎనిమిదిన్నర. మామూలుగా ఆపాటికి పెళ్లాం వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకుంటూ ఉంటుంది. చప్పుడు లేదు. గబగబా వెళ్లి గది తలుపు తీశాడు. మాల్‌సున్ వెల్లకిలా, చేతులు రెండు పక్కలా పారేసి, బస్సు ఇంజనుకి దీటుగా గురక పెడుతోంది. దుప్పటి ఎలా కప్పుకుందో అలాగే ఉంది. పాపం పిల్‌గ్యుకి పరీక్ష సంగతి గుర్తుంది, అయినా లేపడానికి చేతులు రాలేదు. పావుగంట గుమ్మంలో కూర్చుని ఆ గురక విని, ఇక లాభం లేదని లేపాడు.

పందొమ్మిదేళ్లలో ఒక్క నిమిషం ఆలస్యంగా రాని మాల్‌సున్, పరీక్షకి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది, తల దువ్వుకోకుండా, బుగ్గమీద తలగడ ముడతలతో. వరండాలో నామ్ మేనేజర్ గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమె వాలకం చూసి తిట్టడానికి నోరు తెరిచాడు, బుగ్గ మీది ముడతలు చూసి మూసుకున్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది, కొత్తగా వచ్చింది, కొండ కబుర్లేవీ తెలియవు. ఎర్రదీపం వెలిగితే కాలు, పచ్చదీపం వెలిగితే చెయ్యి అని చెప్పింది. మాల్‌సున్ కూర్చుంది. ఎర్రది వెలిగీ వెలగకముందే కాలు పడింది, పచ్చది పడీ పడకముందే చెయ్యి పడింది. డాక్టరమ్మ మెషీన్ పాడైందేమోనని ఆపి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. రెండోసారి ఇంకా తొందరగా నొక్కింది. ఈ నెలలో వచ్చిన ముప్పై ఏళ్ల డ్రైవర్లలో కూడా ఇంత చురుకు చూడలేదని డాక్టరమ్మ అంటే, మాల్‌సున్‌కి గాల్లో తేలినట్టు అనిపించింది.

ఆఖరున కాగితం మీద ఒక గడి మిగిలింది. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని అడిగింది. "నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు?"

పది నెలల్లో ఏ రోజు అడిగినా ఆ ప్రశ్నకి మాల్‌సున్ నిమిషాలతో సహా చెప్పేది. ఒకటీ నలభై అనో, రెండూ పది అనో, మధ్యలో మూడుసార్లు మెలకువ అనో. మేలుకున్న మనిషికి గడియారం తప్ప తోడెవరు? ఇప్పుడు ఆమె నోరు తెరిచి, వెతికి, ఏమీ దొరక్క నవ్వేసింది.

"తెలీదమ్మా."

"అంచనాగా చెప్పండి."

"ఎలా చెప్తానమ్మా? నేను పడుకున్నాను కదా."

డాక్టరమ్మ ఆ గడిలో తెలియదు అని రాసి, కింద ముద్ర కొట్టింది.